తేజో తీరాన ఒక పగలు

1998 వేసవిలో, పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ముగ్గురు మిత్రులతో కలిసి లిస్బన్ నగరంలో ఒక పగలంతా గడిపాను. వాస్కోడగామా కాలికట్ చేరి 500 సంవత్సరాలు నిండిన సందర్భమది. తేజో నదిపై అతని పేరిట కొత్త వంతెన వెలసింది.

ఉదయం అల్ఫామా ఇరుకు వీధులెక్కాము. 1755 నాటి భూకంపానికి, ఉప్పెనకు, అగ్నికి నగరంలో అధికభాగం నశించినా ఈ పేట చాలావరకు నిలిచింది. వీధి పొడవునా చేపలు కాలుస్తున్న వాసన! శాకాహారినైన నేను రొట్టెతో సరిపెట్టుకొన్నాను.

మధ్యాహ్నం ట్రాములో బెలెం చేరాము. 1497లో గామా నౌకలు బయలుదేరిన తీరమది. అక్కడి జెరోనిమోస్ మఠం చర్చిలో ఒకవైపు గామా సమాధి, మరొకవైపు అతని యాత్రను కావ్యంగా గానం చేసిన కమోయిష్ సమాధి. వీరునికెదురుగా కవి! ఆ అమరికకు ముగ్ధుడనై, ఫోటో తీయమని కాలికట్ మిత్రునికి కెమెరా అందించాను. అతడు చేయి చాపలేదు.

"1502లో మక్కా నుండి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను ఇతడు తగులబెట్టించాడు. అందులో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. నీకు తెలియదా?" అన్నాడు.

తెలుసు. చదివాను. అయినా ఆ క్షణాన గుర్తుకు రాలేదు. సిగ్గుతో కెమెరా సంచిలో పెట్టుకొన్నాను.

బయటికి వచ్చాక వారికి మోటుపల్లి సంగతి చెప్పాను. గామాకు రెండున్నర శతాబ్దాల ముందే కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు అపహరించే ఆచారాన్ని మాని, సముద్ర వర్తకులకు రక్షణ ప్రకటించాడు.

"ఆయన సమాధి ఎక్కడ?" అన్నాడు మిత్రుడు.

"సమాధి నేనెరుగను. గుడిలో శాసనస్తంభం ఉంది" అన్నాను.

"అక్కడ ఫోటో తీస్తాను, పద" అని నవ్వాడు.