దీపం చుట్టూ రంగుల వలయం

ముప్పై ఆరు సంవత్సరాలు వైద్యం చేసిన నేను, సొంత అక్క చెప్పిన ఒక మాటను రెండేళ్ల పాటు వినీ పెడచెవిని పెట్టాను. ఆ మాట ఆమె చెప్పింది ఎర్రగుంట్లలో, తన ఇంటి మిద్దె మీద. అది నా బుద్ధికి ఎక్కింది మాత్రం న్యూయార్కు నగరంలో, క్రిస్మస్ దీపాలు చూడబోయిన ఒక వీధిలో. ఇందులో మీకు పనికివచ్చే సంగతి ఉంది కనుక నా పొరపాటును నేనే చెప్పుకుంటున్నాను.

కడప జిల్లాలో ఎర్రగుంట్ల ఎరిగినవారికి రాత్రివేళ ఆ ప్రాంతం ఎలా ఉంటుందో తెలుసు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, బండలు నునుపుచేసే పాలిషు యంత్రాలు, కొంత ఎడంగా తాప విద్యుత్ కేంద్రపు పొగ గొట్టాలు. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు మార్గం ఊరి మీదుగానే సాగుతుంది. పగలు తెల్లని దుమ్ము తప్ప కంటికి మరేమీ ఆనని చోట, చీకటి పడగానే నలువైపులా దీపాలు మొలుస్తాయి. మా అక్క బావగారు పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఒంటరిగానే ఉంటున్నది. భోజనం కాగానే మిద్దె మీద చాప పరచుకుని ఆ దీపాలను చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు.

డిసెంబరులో మరో దీపం కూడా కలుస్తుంది. మా చిన్నతనంలో క్రైస్తవుల ఇళ్ల ముందు వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అంటించిన నక్షత్రం పొడవాటి గడ కొసన వేలాడేది. లోపల ఒక చిన్న దీపం ఉండేది. మేము హిందువులమే అయినా ఆ నక్షత్రం మాకు పరాయిది కాదు. మా అక్క పుట్టింది జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రిలో. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కష్టమైన కాన్పు అంటే "మిషన్ ఆసుపత్రికి బండి కట్టండి" అనేవారు. అందువల్లనేమో, మా అమ్మ బతికున్నంత కాలం క్రిస్మస్ నాడు చర్చి వీధి వైపు ఒకసారి పిల్లలను తీసుకుపోయి నక్షత్రాలు చూపించి తెచ్చేది.

మూడేళ్ల కిందట అదే నెలలో నేను కడప నుంచి వెళ్లి అక్క ఇంట్లో ఉన్నాను. మిద్దె మీద కూర్చుని ఆమె అన్నది: "చూడు అబ్బీ, ఈసారి ఆ నక్షత్రానికి చుట్టూ రంగులు కట్టినారు. మునుపు ఉండేవి కాదు." నేను తల ఎత్తి చూశాను. తెల్లని ప్లాస్టిక్ నక్షత్రం, లోపల ఒక బల్బు. రంగులేవీ నాకు కనబడలేదు. వయసు మీద పడినామె ఏదో అంటున్నదిలే అనుకుని "అవునక్కా" అన్నాను. ఆ రాత్రి ఆమె కుడి కనుబొమ మీద నొప్పి అన్నది. సిమెంటు దుమ్ము, ముక్కుదిబ్బడ, సైనస్ అని నాకు నేనే తేల్చుకుని జలుబు మాత్ర ఒకటి ఇచ్చాను. ఆ మాత్ర సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తర్వాత రెండేళ్లలో ఆ నొప్పి నెలకు ఒకటి రెండు సార్లు వచ్చేది. సాయంకాలం మొదలై, నిద్రపోయి లేస్తే తగ్గిపోయేది. ఒకసారి ఊళ్లో జరిగిన కంటి శిబిరానికి వెళ్తే, చూపు వయసుకు తగినట్టే ఉంది, శుక్లం ఇంకా ముదరలేదు అన్నారట. నేనూ నిశ్చింతగా ఉన్నాను.

నిరుడు డిసెంబరులో నా మేనకోడలు మా ఇద్దరినీ న్యూజెర్సీకి పిలిపించుకున్నది. వాళ్లు ఉండే ఊరి పేరు ఎడిసన్. బల్బును ఇంటింటికీ తెచ్చిన ఎడిసన్ ప్రయోగశాల అక్కడే ఉండేది, ఊరికి ఆ పేరు అందుకే వచ్చింది. క్రిస్మస్ చెట్టుకు విద్యుద్దీపాలు కట్టే ఆచారం కూడా ఆయన మనుషుల నుంచే మొదలైంది. ఆయన సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరు 22న న్యూయార్కులోని తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 కట్టించాడు. అంతకు ముందు చెట్ల మీద కొవ్వొత్తులు వెలిగించేవారు. వాటివల్ల ఇళ్లు తగలబడేవి.

ఒక సాయంత్రం మమ్మల్ని కారులో బ్రూక్లిన్‌కు తీసుకుపోయారు. వెరజానో వంతెన దాటిన కొద్దిసేపటికే డైకర్ హైట్స్ అనే పేట వస్తుంది. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన చోటు. 1980ల నడిమి కాలంలో లూసీ స్పాటా అనే గృహిణి తన తల్లి జ్ఞాపకార్థం ఇంటిని దీపాలతో నింపడం మొదలుపెట్టింది. మొదట్లో ఇరుగుపొరుగు విసుక్కున్నారు, తర్వాత వారూ పోటీకి దిగారు. ఎదుటి వరుసలో ఆల్ఫ్రెడ్ పోలిజోటో అనే న్యాయవాది క్యాన్సర్ నుంచి కోలుకున్నాక ఇంటి ముందు మేడంత ఎత్తు కొయ్య సిపాయి బొమ్మలను నిలబెట్టాడు. రోగం తగ్గిన మనిషి తిరుపతికి పోయి తల నీలాలు ఇచ్చినట్టే ఇదీ అనిపించింది నాకు. ఇప్పుడు ఏటా లక్షమందికి పైగా జనం వచ్చి చూస్తారు. మన తెలుగు కుటుంబాలకు కూడా అక్కడికి పోవడం ఒక ఆనవాయితీ అయింది. ఆ రాత్రి పక్కన నడిచేవారిలో కడప మాట, గుంటూరు మాట రెండూ నా చెవిన పడ్డాయి.

అక్క శాలువా కప్పుకుని పసిపిల్లలా చూస్తున్నది. ఉన్నట్టుండి నా చేయి పట్టుకుని అన్నది:

"అబ్బీ, ఒక్కొక్క దీపం చుట్టూ ఇంద్రధనుస్సు మాదిరి చుట్ట చుట్టినారే! ఎట్లా చేసినారో చూడు. మన ఊరి నక్షత్రానికి కూడా ఇట్లే కట్టినారు."

ఈసారి నేను తల ఎత్తి దీపాల వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు చూశాను. కుడి కన్ను కొంచెం ఎర్రబడి ఉంది.

"అన్ని దీపాల చుట్టూ ఉన్నాయా అక్కా?"

"తెల్ల దీపాలకు ఉండాయి. ఎర్రవాటికి ఎర్ర మసకే. కుడి కంటికే బాగా కనపడతాది."

కళ్లు పలుమార్లు ఆర్పి, తుడుచుకుని చూడమన్నాను. కంటి ఊసు వల్ల ఏర్పడే వలయం అలా చేస్తే చెదిరిపోతుంది. చెదరలేదు. జేబులోని రెండు కార్డులను దగ్గరగా పట్టి, నడుమ సన్నని సందు ఉంచి, దానిని ఆమె కుడి కంటి ముందు మెల్లగా అడ్డంగా జరిపాను. శుక్లం వల్ల కనిపించే వలయమైతే ముక్కలుగా విడిపోయి, సందుతో పాటు తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆమెకు వలయం కొంచెం మసకబారిందే గాని విరగలేదు. నలభై ఏళ్ల కిందట వైద్య కళాశాలలో పరీక్ష కోసం బట్టీపట్టి, మళ్లీ ఎన్నడూ వాడని పరీక్ష అది. పక్కనే పిల్లలు బొమ్మ సిపాయి ముందు ఫొటోలు దిగుతున్నారు. నా కాళ్లలో సత్తువ పోయింది.

"నొప్పి ఉందా?"

"కనుబొమ మీద లాగుతాండాది. అదే సైనస్ అంటివి కదా."

ఇక్కడ కొంచెం ఓపిక పట్టి కంటి నిర్మాణం తెలుసుకోవాలి. కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతూ, ఊరినంత మేరకూ బయటికి పోతూ ఉంటుంది. కన్నీటికీ దీనికీ సంబంధం లేదు. కంటి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. దాని వెనుక, కనుపాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్. ఈ రెండూ కలిసే మూలలో జల్లెడ వంటి కాలువ ఉంది. నీరు బయటికి పోయే ప్రధాన దారి అదే. కొందరిలో ఆ మూల పుట్టుకతోనే ఇరుకు. వయసుతో పాటు కంటి కటకం మందమై ముందుకు తోసుకువచ్చేసరికి అది మరింత ఇరుకవుతుంది. చీకట్లో కనుపాప విప్పారినప్పుడు ఐరిస్ అంచులకు ముడుచుకుని ఆ దారికి అడ్డం పడుతుంది. నీరు ఊరడం ఆగదు, పోవడం ఆగుతుంది. కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ సూక్ష్మమైన నీటి బొట్ల గుండా చూసినప్పుడు తెల్లని దీపపు వెలుగు రంగులుగా విడిపోతుంది. మంచు పట్టిన రాత్రి చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు, కంటిలోనే గుడి కడుతుంది. దీనినే కోణం మూసుకుపోయే నీటికాసుల జబ్బు అంటారు. ఇంగ్లీషులో గ్లాకోమా.

నిద్రలోనూ వెలుతురులోనూ కనుపాప చిన్నదవుతుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే అక్క నొప్పి తెల్లవారేసరికి పోయేది. అందుకే కంటి శిబిరంలో పగటిపూట ఏమీ దొరకలేదు. ఇక జలుబు మాత్రల సంగతి. వాటిలో ఉండే కొన్ని మందులు కనుపాపను పెద్దది చేస్తాయి. మూల ఇరుకుగా ఉన్న కంటికి అవి చీకటితో సమానం. విమానంలో తుమ్ములు వస్తున్నాయంటే ఒకటి, ఆ పొద్దున మరొకటి, రెండూ నా చేతులతో ఇచ్చాను.

ఇంటికి పోయి పడుకుంటే తగ్గుతుందని అక్క అన్నది. బహుశా తగ్గేదే. కాని తగ్గని రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రి కన్ను ఎర్రగా మారి, భరించలేని తలనొప్పితో వాంతులు మొదలవుతాయి. మన పల్లెల్లో దానిని పైత్యమనో, పార్శ్వనొప్పి అనో రెండు మూడు రోజులు గడిపేస్తారు. అంతలో కంటి నరం దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. నా వద్దకు అలా ఆలస్యంగా వచ్చినవారిని నేనే కంటి ఆసుపత్రికి పంపాను, ఆలస్యం చేశారని మందలించాను కూడా.

నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాం. కంటి ఒత్తిడి పాదరసం కొలతలో సాధారణంగా 10 నుంచి 21 వరకు ఉండాలి. అక్క కుడి కంటిలో 38, ఎడమ కంటిలో 22 ఉంది. చుక్కల మందు, మాత్రలతో రాత్రికి దించారు. మరునాడు కంటి వైద్యురాలు ప్రత్యేకమైన అద్దం ఆనించి రెండు కళ్లలోనూ ఆ మూలను చూసి, రెండింటిలోనూ ఇరుకే అన్నది. లేజరు కిరణంతో ఐరిస్‌లో సన్నని రంధ్రం చేసింది. మూల మూసుకోకుండా నీటికి అదొక అడ్డదారి. కుడి కంటికి ఆ రోజు, ఎడమ కంటికి వారం తర్వాత. కొన్ని నిమిషాల పని, కోత లేదు, కట్టు లేదు. కంటి నరం ఇంకా చెడలేదని చెప్పింది. ఖర్చు ఎంతయిందో అడగకండి, అక్కకే ఇంతవరకు చెప్పలేదు. ఇదే చికిత్స మన కడపలోనూ, కర్నూలులోనూ దొరుకుతుంది.

ఇది అరుదైన జబ్బు అనుకోకండి. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, 40 ఏళ్లు దాటినవారిలో సుమారు నూటికి ఒకరికి ఈ రకం నీటికాసులు ఉన్నట్టు తేలింది. జబ్బు రాకపోయినా మూల ఇరుకుగా ఉన్నవారు మరో ఇద్దరు. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. దూరపు చూపుకు ప్లస్ అద్దాలు వాడేవారిలో ఎక్కువ. కాబట్టి మీ ఇంట్లో అమ్మనో, జేజినో ఒకసారి అడగండి. రాత్రిపూట వీధి దీపం చుట్టూ, ఎదురొచ్చే బండి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయా? అప్పుడు కనుబొమ మీద నొప్పి ఉంటుందా, చూపు మసకేస్తుందా? అవునంటే కంటి వైద్యుని దగ్గరికి తీసుకుపోండి. కార్డులతో నేను చేసిన పని మీరు చేయవద్దు, అది వీధిలో ఏ సాధనమూ లేని వైద్యుడి తిప్పలు. నొప్పి లేని రోజున ఒత్తిడి మామూలుగానే ఉండవచ్చు. అందువల్ల ఒత్తిడి చూసి పంపిస్తే తృప్తి పడక, "కోణం చూశారా" అని అడగండి. ఆ పరీక్ష పేరు గోనియోస్కోపీ. జలుబుకైనా, ప్రయాణంలో వాంతులకైనా, మూత్రం ఆగకపోవడానికైనా మందు కొనేటప్పుడు కంటి సంగతి చెప్పండి. వలయంతో పాటు తీవ్రమైన నొప్పి, ఎరుపు, వాంతులు ఉంటే తెల్లవారే దాకా ఆగకండి.

మొన్న మళ్లీ ఎర్రగుంట్ల వెళ్లాను. చర్చి వైపు నక్షత్రాలు వెలిగించారు. చాప మీద కూర్చుని అక్క చాలాసేపు చూసింది.

"వలయం కనపడుతోందా?" అన్నాను.

"లేదు. ఉత్త నక్షత్రమే ఉండాది." కొంచెం ఆగి, "బోసిగా ఉండాది రా," అన్నది.

ఆ తర్వాత నా వైపు తిరిగింది. అమెరికాలో ఆ వైద్యురాలు ఒక మాట చెప్పి ఉండె: ఈ ఇరుకు కుటుంబాల్లో వస్తుంది, తోడబుట్టినవారు తప్పక చూపించుకోవాలి. ఏడాదిగా నేను రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తున్నాను.

"నీ కండ్లు ఎప్పుడు చూపించుకుంటావు?"

సోమవారానికి కడపలో పేరు రాయించాను. అక్క కూడా వెంట వస్తానంటున్నది, నేను దారిలో దిగి వెనక్కి వస్తానేమోనని.