మెదడు గీతకు మార్కులెలా వేయాలి?

మతిమరుపుతో వచ్చిన ఒక పెద్దావిడకు ఏడాది తేడాతో తీసిన రెండు ఎంఆర్‌ఐలు చూస్తున్నాను. "అమ్మ మెదడు నిరుటికంటే తగ్గిందా, డాక్టరు గారూ?" అని కూతురు అడిగింది.

ఆ మాట చెప్పాలంటే మెదడు ఎక్కడ ముగుస్తుందో ముందు గీత గీయాలి. పుర్రె, చర్మం, కళ్లు, మెడ కండరాలు తీసేసి మెదడును మాత్రమే మిగల్చాలి. ప్రతి చిత్రం మీదా చేత్తో గీస్తే గంటలు పడుతుంది గనుక ఆ పని కంప్యూటరుకు అప్పజెప్పాం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన స్టీఫెన్ స్మిత్ 2002లో ప్రచురించిన 'బెట్' పద్ధతి మెదడు నడుమ ఒక బుడగను ఉంచి, అంచు తగిలేదాకా ఉబ్బిస్తుంది. ఆ తర్వాత డీప్ లెర్నింగ్‌తో 2019లో హెచ్‌డీ-బెట్, 2022లో సింత్‌స్ట్రిప్ వచ్చాయి.

వీటిని పోల్చేటప్పుడు ఎక్కువగా చూసేది డైస్ స్కోరు. యంత్రం గీసినదీ నిపుణుడు గీసినదీ ఎంతమేర కలిశాయో 0 నుంచి 1 వరకు చెబుతుంది. 1300 మిల్లీలీటర్ల మెదడులో యంత్రం 13 మిల్లీలీటర్లు కోసేసినా డైస్ 0.995 వస్తుంది. మార్కు ఘనంగానే ఉంది. కానీ ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో మెదడు ఏడాదికి తగ్గేది సుమారు అర శాతం, అల్జీమర్స్‌లో రెండు శాతం దాకా. ఒక్క శాతం పొరపాటు చాలు, జబ్బు లేనిచోట జబ్బు కనిపించడానికి. ఆ పెద్దావిడ రెండో స్కాన్‌లో జరిగింది అదే. టెంపోరల్ లోబ్ కొన గీతకు అవతల పడిపోయింది. గీత సరిదిద్దాక, తగ్గుదల వయసుకు తగినంతే అని తేలింది. ఆ సంగతి కూతురికి ధైర్యంగా చెప్పగలిగాను.

ఫిట్స్‌తో వచ్చిన ఒక నడివయసు మనిషికి మెదడు పైపొరను అంటుకుని మెనింజియోమా గడ్డ ఉంది. యంత్రం పుర్రెతోపాటు ఆ గడ్డనూ తీసేసింది. మెనింజియోమా మెదడు కణజాలం కాదు కదా, యంత్రం లెక్క ప్రకారం అది సరైనదే. ఆపరేషన్ చేసే సర్జన్‌కు మాత్రం ముందుగా కావలసింది ఆ గడ్డే. గీత ఎందుకోసమో తేల్చుకోకుండా అది తప్పో ఒప్పో చెప్పలేం.

రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలి, వాపు వల్ల పుర్రె ఎముక కొంత తీసేసిన ఒక కుర్రవాడి స్కాన్‌లో గీత ఆ ఖాళీగుండా తలచర్మంలోకి జారింది. ఇక నెలల పసికందుల్లో తెల్లపదార్థం, బూడిదపదార్థం వెలుగులు పెద్దవాళ్లకు తలకిందులుగా ఉంటాయి. పెద్దల చిత్రాలతో నేర్చుకున్న యంత్రం అక్కడ తడబడుతుంది.

అందుకే పరీక్ష పెట్టే తీరు మారాలంటాను. మడతల మధ్య ద్రవాన్ని లోపల కలపాలా, మెదడు కాండాన్ని ఎక్కడ తెంచాలి అన్నవి ముందే ఒప్పుకోవాలి. ఇద్దరు నిపుణులు ఒకరి గీత ఒకరు చూడకుండా గీయాలి. వాళ్ల మధ్య ఎంత తేడా వచ్చిందో తెలిస్తేనే యంత్రం తేడాను తూచగలం. డైస్‌తోపాటు హౌస్‌డార్ఫ్ దూరం కూడా చూడాలి. గీత అన్నిటికంటే ఎక్కువగా తప్పిన చోట ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో అది పట్టిస్తుంది. వృద్ధులు, పసిపిల్లలు, ఆపరేషన్ అయినవాళ్ల ఫలితాలు విడివిడిగా చెప్పాలి. సగటు రోగి అంటూ మా గది తలుపు ఎవరూ తట్టరు.

పరిశోధనల్లో ఒక మిల్లీమీటరు మందపు చిత్రాలు వాడతారు. రద్దీగా ఉండే స్కాన్ సెంటర్లలో 5 మిల్లీమీటర్లవి మామూలు. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనే ముందు ప్రతి ఆసుపత్రీ తన దగ్గరున్న కష్టమైన స్కాన్లను ఏరి, వాటి మీదే దాన్ని నడిపించి చూడాలి. కొన్నాక కూడా రిపోర్టు మీద సంతకం పెట్టే డాక్టరు ఆ గీతను ఒకసారి అసలు చిత్రం మీద పరిచి చూసుకోవాలి. దానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే.