షఫుల్ ఆపేసి వినండి

భోజనాలయ్యాయా? అయితే ఇయర్‌ఫోన్లు తెచ్చుకుని ఇలా కూర్చోండి. ఇంగ్లిషు పాటలంటే మేం మైకేల్ జాక్సన్ దగ్గరే ఆగిపోయామండీ అంటారా? మరేం ఫరవాలేదు. ఇవాళ చెప్పబోయేవాటికి గంతులేయక్కర్లేదు.

ముందు ఏడ్రియన్ లెంకర్. బిగ్ థీఫ్ అనే అమెరికా ఇండీ రాక్ బ్యాండ్‌లో పాటలు రాసి పాడేది ఈవిడే. బ్యాండ్‌ని పక్కనబెట్టి 2024 మార్చి 22న తెచ్చిన ఆల్బమ్ ‘బ్రైట్ ఫ్యూచర్’. అడవి మధ్య స్టూడియోలో కొద్దిమంది స్నేహితులతో కూర్చుని, పాతకాలం పద్ధతిలో టేపు మీదే రికార్డు చేశారు. మొదటి పాట ‘రియల్ హౌస్’ వినండి. పల్లవి కోసం ఎదురుచూడకండి, రాదు. పియానో, గొంతు, వెనకాల ఆ గది తాలూకు అలికిడి. చిన్నప్పటి ఇల్లు, చిన్నప్పటి భయాలు, ఏనాడూ కంటతడి పెట్టని అమ్మ కుక్క చనిపోయినప్పుడు ఏడవడం... ఇవన్నీ ఆ అమ్మతోనే చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. కోరస్సులూ డప్పులూ దట్టించిన సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవికి మొదట్లో వెలితిగానే ఉంటుంది. రెండోసారి వినేసరికి ఆ వెలితే బాగుందనిపిస్తుంది. నాకైతే ఈ పాట తర్వాత వెంటనే ఇంకోటి వినబుద్ధి కాదు.

చిత్రం చూడండి, సరిగ్గా అదే రోజున వాక్సహాచీ ‘టైగర్స్ బ్లడ్’ కూడా విడుదలైంది. వాక్సహాచీ అంటే కేటీ క్రచ్‌ఫీల్డ్. అలబామాలో తాను పెరిగిన చోట ఉన్న వాగు పేరే పెట్టుకుంది. అందులో ‘రైట్ బ్యాక్ టు ఇట్’ పాటలో బాంజో వెనక ఒక మగగొంతు, కాస్త బద్ధకంగా, జత కలుస్తుంది. అతనే ఎం.జె. లెండర్‌మన్.

ఈ కుర్రాడిది నార్త్ కరోలైనాలోని యాష్‌విల్. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన ఇతని ‘మానింగ్ ఫైర్‌వర్క్స్’ నిండా డాబులు కొట్టే మగాళ్లూ, ఓడిపోయి కూడా ఒప్పుకోని మగాళ్లూ. నవ్వొస్తుంది, ఆ వెంటే జాలేస్తుంది. చివరి పాట పది నిమిషాలు. మాటలు అయిపోయాక మిగతాదంతా ఒకటే హోరు. ఫోన్ పాడైందనుకుని ఆపేసేరు, కాదు!

అంత ఓపిక లేదంటారా? జెస్సికా ప్రాట్ ‘హియర్ ఇన్ ద పిచ్’ పెట్టుకోండి. అదీ 2024దే. తొమ్మిది పాటలు, మొత్తం 27 నిమిషాలు. కూర ఉడికేలోపు అయిపోతుంది.