అణువుల సన్నిధి

గవర్నరుపేటలో ఇంటర్మీడియటు చదువు బాలురు కొందరు సంస్కృతమునకును ఆంగ్లమునకును నాయొద్దకు వత్తురు. వారు రసాయనశాస్త్రమును వల్లించుట నేను వినుచుందును. “ఆర్థో నైట్రోఫినాలు నీటియావిరితో లేచును, పారా నైట్రోఫినాలు లేవదు” అనునది వారి వల్లెలలో నొకటి. ఏల యని యడిగితిని. “ఇంట్రామాలిక్యులర్ హైడ్రోజన్ బాండింగు” అని తడవుకొనక చెప్పిరి. ఆ మాటకు తెలుగున నర్థము చెప్పుమనగా మౌనము వహించిరి. పరీక్షలో నంతకు మించి యడుగరట!

ఈ రెండు పదార్థములలోను పరమాణువు లవియే, వాని సంఖ్యయు నదియే. ఆరు అంగార పరమాణువుల వలయము. దానికి ఒకచోట ఆమ్లజని ఉదజనుల జంట, వేఱొకచోట నత్రజనితో రెండు ఆమ్లజనులు చేరిన నైట్రో గుంపు. ఆర్థోలో నివి ప్రక్కప్రక్కల నున్నవి. పారాలో ఎదురెదురుగా నున్నవి. భేదమింతియే. అయినను మొదటిది సుమారు 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును; రెండవది సుమారు 114 డిగ్రీలవఱకు కరగదు. బెజవాడలో ఎండ 45 డిగ్రీలు ముట్టిననాడు మొదటిది సీసాలోనే కరగ మొదలిడును.

సంస్కృతము చదువు బాలునకు దీని కారణము సులభముగా బోధపడును. పదములు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయునని మనవారు చెప్పిరి. ఉదజని బంధమునకును అట్లే. ఆమ్లజని ఎలక్ట్రానులను తనవైపు లాగికొనగా ఉదజని ధనావేశము గలదై మఱియొక ఆమ్లజనిని కోరును, ఇది ఆకాంక్ష. కోరబడినదానికి ఎలక్ట్రానుల కలిమి యుండుట యోగ్యత. రెండును చేరువనుండుట సన్నిధి. ఆర్థోలో సన్నిధి అణువులోపలనే కుదిరినది; గావున ఆ యణువు పొరుగుదానితో గట్టిగా ముడిపడక తేలికగా విడిపోవును. పారాలో ఒక యణువుచేయి పొరుగు అణువున కందును, దానిచేయి వేఱొకదాని కందును. ఇట్లు గొలుసు సాగి స్ఫటికము గట్టిపడును.

ఆర్థో స్వార్థపరుడనియు, పారా పరోపకారియనియు నీతి చెప్పవచ్చును గాని అణువులకు పుణ్యపాపములు లేవు. నేను చెప్పదలచినది వేఱు.

ఈ విద్య దూరదేశపు సరకు కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున గౌతమ్ దేశిరాజుగారు అణువులను కోరిన తీరున స్ఫటికములుగా కూర్చు విద్యను పెంపొందించి, 1989లో దానిపై గ్రంథము వెలువరించిరి. అంగారము నంటియున్న ఉదజని ఆమ్లజనివైపు చూపు మిక్కిలి బలహీనమైన మొగ్గు సయితము స్ఫటికపు తీరును దిద్దగలదని వారు చూపిరి. నైట్రో పదార్థముల స్ఫటికములలోని యిట్టి బంధములపై 1994లో వారి పరిశోధనము వెలువడినది. ఇది పండితుల వినోదము మాత్రము కాదు. జ్వరమునకు మ్రింగు పారాసెటమాలును పారా నైట్రోఫినాలునుండి చేయు మార్గము కలదు. ఆ మందు అణువులే వేఱు తీరున పేరినచో మాత్రగా నొత్తుటకు మఱింత అనువగును.

హైదరాబాదులో పుట్టిన యింతటి జ్ఞానము బెజవాడ బాలునికి ఒక మార్కుగా మాత్రమే చేరుచున్నది. అతనికి బుద్ధి లేక కాదు; కారణమును తన మాటలలో చెప్పుమని యెవరును అతని నడుగకపోవుటవలన. పాఠము ఏ భాషలో జరిగినను, వారమున కొక్కనాడైన ఉపాధ్యాయుడు “ఏల?” అని తెలుగున నడిగి, తెలుగున ప్రత్యుత్తరము వచ్చువఱకు ఓపిక పట్టవలెను. దీనికి ప్రభుత్వపు టుత్తరువు లక్కఱలేదు, ధనమక్కఱలేదు. గంటలో పదినిమిషములు చాలును.