చీరను తిరగేసి చూపని వెబ్‌సైట్లు

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భూదాన్ పోచంపల్లికి నేను వెళ్లింది చీర కొనడానికి కాదు. ఆన్‌లైన్‌లో ఇక్కడి చీరలు అమ్మే కంపెనీలు కొనేవాళ్లకు ఏం చూపిస్తున్నాయో, ఏం దాటేస్తున్నాయో తెలియాలంటే మగ్గం దగ్గరే తెలుస్తుంది. ఇక్కడ రంగు బట్టకు కాదు, నూలుకే పడుతుంది. ఆసు పోసిన, అంటే చట్రం మీద వరుసగా చుట్టిన దారాన్ని డిజైను ప్రకారం రబ్బరు ముక్కలతో బిగించి చిటికి కడతారు, రంగులో ముంచుతారు, విప్పి మరోచోట కట్టి మళ్లీ ముంచుతారు. రంగు పడిన దారాలు మగ్గం మీద సరిగ్గా కలిసినప్పుడే పువ్వో ఏనుగో తేలుతుంది. అంచుల్లో కనిపించే ఆ కాస్త మసక లోపం కాదు, చేతిపని గుర్తు. చీరను తిరగేస్తే వెనక కూడా అదే రూపం ఉంటుంది. అచ్చు వేసిన నకిలీ చాలావరకు అక్కడే దొరికిపోతుంది. ఈ చీరలకు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు పోచంపల్లి అన్న పేరుకు రక్షణ ఇస్తుంది గానీ, ఫోటో చూసి కొనేవారి కళ్లకు ఆ తేడా చూపించలేదు.

వెబ్‌సైట్ల చిక్కు సరిగ్గా ఇదే. వస్తువు పేజీలో ముందువైపు ఫోటో, ధర ఉంటాయి. అసలు, నకిలీ రెండూ అందులో ఒకేలా కనిపిస్తాయి. చిటికి కట్టే వీడియో, చీర తిరగేసి చూపే రీలు, కొన్నవాళ్లు పెట్టుకున్న ఫోటోలు మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లోనో యూట్యూబ్‌లోనో ఉంటాయి. రెంటినీ కలిపేది పేజీ అడుగున ఉన్న చిన్న గుర్తులే. వాటిని నొక్కినవారు వీడియో దగ్గర ఆగరు. పక్కనే వచ్చే ఇంకొకరి చీరల్లోకి వెళ్లిపోతారు. కొనాలా వద్దా అని తేల్చుకునే చోటే రుజువు ఉండాలన్నది నా వాదన. ఏ చీర పేజీలో ఆ చీర నేత వీడియో, కొన్నవాళ్ల అనుమతితో వాళ్ల ఫోటోలు, ఆ చీర నంబరు ముందే రాసి ఉన్న వాట్సాప్ బటన్ పెడితే చాలు.

కొనేవాళ్లంతా ఫోన్లో వాట్సాప్‌లోనే ఉన్నప్పుడు వెబ్‌సైట్ ఎందుకని కొందరు అడుగుతారు. కానీ ఆ వేదికలు మన చేతిలో ఉండవు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ గంటల తరబడి ఆగిపోయాయి. అంతకు ముందు ఏడాది మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అందులో ఖాతాలు పెంచుకున్నవాళ్లు రాత్రికి రాత్రి వీక్షకులను పోగొట్టుకున్నారు. బయటి వేదికల కోడ్ తెచ్చి అతికిస్తే పేజీ బరువెక్కుతుంది, చూసేవారి వివరాలు అటు వెళ్తాయి అన్న అభ్యంతరం ఇంకా గట్టిది. ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టుకున్న వెబ్‌సైటుకు కూడా ఆ సమాచార సేకరణలో బాధ్యత ఉంటుందని ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2019లో తేల్చింది. అందుకే వీడియో సొంత సర్వర్ మీద ఉండాలి, బయటికి మామూలు లింకు చాలు.

డిజైను కాపీ కొడతారన్న భయాన్ని మాత్రం పూర్తిగా కొట్టెయ్యలేను. నకిలీ చేసేవారికి ముందువైపు ఫోటో ఒక్కటే సరిపోతుందన్నది నిజమే. అయినా కొత్త డిజైను మగ్గం మీద ఉండగా వీడియో పెట్టకపోవడమే మంచిది. ఇంకొక లెక్క కూడా ఉంది. కెమెరా ముందు చిటికి కట్టి చూపించే పూట నేతకారుడికి పని ఆగినట్టే. ఆ పూట కూలి కంపెనీ ప్రచార ఖర్చులోంచి ఇవ్వాలి, చీర మజూరీలో కోత పెట్టి కాదు.