పేరు నిలబెట్టిన నేస్తాలు

కొడుకులే కాదు, స్నేహితులూ పేరు నిలబెడతారు. పల్నాటి వీరుల్ని ఊళ్లన్నీ కలిసి తలచుకుంటున్నట్టే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో తన వాళ్లని తలచుకుంటుంది. దుర్గి రాళ్ల దగ్గర బయల్దేరి ఆ వీధిదాకా వెళ్లొద్దాం!

పల్నాడు జిల్లా దుర్గి అనగానే గుర్తొచ్చేది ఉలి చప్పుడు. ఇక్కడి శిల్పులు ఈ ప్రాంతంలో దొరికే సున్నపురాయిని దేవుళ్లుగా, బుద్ధుడిగా మలుస్తారు. దుర్గి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అసలు రాతిమీద మనిషి గుర్తు నిలపడం ఈ నేలకి కొత్తకాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలంనాటి ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. పోయినవాళ్ల జ్ఞాపకంగా పదిహేడు వందల ఏళ్ల కిందట నిలబెట్టిన రాళ్లవి. రాజకుటుంబాలకీ సేనాపతులకే కాదు, మామూలు సైనికులకీ, చేతివృత్తి మనిషికీ కూడా అక్కడ స్తంభాలున్నాయి.

దుర్గి పొరుగునే కారంపూడి. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై ఇక్కడ అయిదు రోజులపాటు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... రోజుకో ఘట్టం. వీరాచారవంతులు ఊరూరి నుంచీ తమ వీరుల ఆయుధాలతో నాగులేటి ఒడ్డుకి చేరతారు. మందపోరు రోజున చాపకూడు. కులం అడగకుండా అందరూ పక్కపక్కనే కూర్చుని తింటారు. బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతని చెప్పుకుంటారు.

ఆ వీరుల్లో బాలచంద్రుడు కాపురం మొదలుపెట్టకుండానే పోరుకి వెళ్లి ప్రాణాలు విడిచాడన్నది కథ. కొడుకు లేడు, పిండం పెట్టేవాడు లేడు. అయినా ఎనిమిది వందల ఏళ్లుగా అతని పేరు వినిపిస్తూనే ఉంది. తలచుకుంటున్నది అతని సంతానం కాదు, ఊళ్లు!

ఇళ్లల్లో మాత్రం మాట వేరు. ‘పేరు నిలబెట్టడానికి ఒక్క నలుసైనా లేకపోతే ఎలా?’ అంటూనే పెళ్లి వద్దన్న కొడుకుని ఒప్పిస్తారు. మగవాణ్ణి ప్రేమించిన మగవాడికి ఈ ప్రశ్న ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. ముసలితనంలో ఎవరు చూస్తారు? పోయాక ఎవరు తలచుకుంటారు? ఆ ప్రశ్నకి జనమే జవాబు వెతుక్కున్న చోటు ఒకటుంది. వేలమంది తెలుగువాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్న అమెరికా బే ఏరియాలోనే. పేరు కాస్ట్రో.

మార్కెట్ వీధి చివర...

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నడిబొడ్డునుంచి సాగే మార్కెట్ వీధిలో నైరుతి దిక్కుకి వెళ్తే పెద్ద ఇంద్రధనుస్సు జెండా ఎగురుతూ కనిపిస్తుంది. ఒకప్పుడు ఇది కార్మిక కుటుంబాల పేట. 1970ల్లో స్వలింగ ప్రేమికులు వచ్చి పాత చెక్క ఇళ్లని బాగుచేసుకుని స్థిరపడ్డారు. హార్వీ మిల్క్ 1973లో 575 నంబరు దుకాణంలో కెమెరాల వ్యాపారం పెట్టాడు. 1977 ఎన్నికల్లో నగరపాలక మండలికి నెగ్గాడు. గే అని బాహాటంగా చెప్పుకొని గెలిచిన తొలితరం నేతల్లో ఒకడు. ఏడాది తిరిగేసరికి, 1978 నవంబరు 27న, మేయరు జార్జి మాస్కోనీతో పాటు కాల్పులకు బలయ్యాడు. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని ఇక్కణ్నుంచే నగర కార్యాలయం దాకా నడిచారు.

ఆ పక్కనే చిన్న త్రికోణపు తోట. అందులో 15 గ్రానైట్ స్తంభాలుంటాయి. నాజీలు స్వలింగ ప్రేమికుల్ని నిర్బంధ శిబిరాల్లోకి తోసి వాళ్ల చొక్కాలకి గులాబీరంగు త్రికోణం గుడ్డ కుట్టించారు. ఒక్కో స్తంభం అలాంటి వెయ్యిమందికి గుర్తు. దుర్గి నుంచి వచ్చినవాళ్లకి ఈ రాళ్ల భాష వేరే చెప్పాల్సిన పనిలేదు. కాలిబాట పొడవునా కంచు ఫలకాలు కూడా కనిపిస్తాయి. 2014లో మొదలుపెట్టిన ఈ వరసలో కంప్యూటరు శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్, రచయితలు ఆస్కార్ వైల్డ్, జేమ్స్ బాల్డ్విన్ ఉన్నారు.

చేయి పట్టుకున్న వార్డు

1981లో అంతుపట్టని జబ్బొకటి బయటపడింది. అదే తర్వాత ఎయిడ్స్ అయింది. ఒక్క ఈ నగరంలోనే దాదాపు 20 వేలమందిని మింగేసింది. ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయంతో కొన్నిచోట్ల అన్నం పళ్లేన్ని గది గుమ్మంలోనే వదిలేసి వెళ్లేవారు. కన్నవాళ్లు కూడా రాని రోగులు ఎందరో!

అలాంటి రోజుల్లో, 1983 జులైలో, శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో 12 పడకలతో 5బి వార్డు తెరిచారు. కోరి వచ్చిన నర్సులే అందులో పనిచేశారు. అవసరం లేనిచోట చేతి తొడుగులు తీసేసి రోగుల చేయి పట్టుకున్నారు. ఎవరు తనవాళ్లో చెప్పే హక్కు రోగికే ఇచ్చారు. దాంతో తోడుగా బతికిన మనిషి మంచం పక్కన కూర్చోగలిగాడు. శాంతి ప్రాజెక్టు అనే సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు రోగులకి ధైర్యం చెప్పేవారు. మిగతా పనులు నేస్తాలవి. వండిపెట్టడం, బట్టలు ఉతకడం, పెంపుడు కుక్కల్ని చూసుకోవడం, చివరికి శవాన్ని మోయడం.

ఆరడుగుల బొంత

1985లో మిల్క్ వర్ధంతినాటి కొవ్వొత్తుల నడకలో క్లీవ్ జోన్స్ అనే ఉద్యమకారుడు ఒక మాట అడిగాడు. ఎయిడ్స్‌తో పోయిన మీవాళ్ల పేరు అట్టమీద రాసి తీసుకురండి అని. ఆ అట్టలన్నీ ప్రభుత్వ భవనం గోడకి అంటిస్తే చూడ్డానికి అతుకుల బొంతలా కనిపించింది. అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంతే! అతని ఆలోచన అక్కడే మొలకెత్తింది. ఒక్కొక్కరికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న గుడ్డ. ఇంచుమించు సమాధి కొలత. పోయినవాడి చొక్కా, జీన్స్, బొమ్మ, ఉత్తరం... ఏదుంటే అది కుట్టారు. జోన్స్ తన స్నేహితుడు మార్విన్ ఫెల్డ్‌మన్ కోసం తొలి గుడ్డ తయారుచేశాడు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో 1,920 గుడ్డలు పరిచి, ఒక్కో పేరూ పైకి చదివారు. ఇంటివాళ్లకి వెరచి కొన్నింటిమీద సగం పేరే రాశారు.

ఇప్పుడు ఆ బొంతలో దాదాపు 50 వేల గుడ్డలున్నాయి, లక్షా పదివేలకు పైగా పేర్లు. బరువు 54 టన్నులు. బే ఏరియాలోనే భద్రపరుస్తున్నారు. నగరంలోని గోల్డెన్‌గేట్ పార్కులో ఎయిడ్స్ స్మారకవనం కూడా ఉంది. 1991లో స్థానికులే పిచ్చిమొక్కలు పీకి మొదలుపెట్టిన తోట అది. 1996లో జాతీయ స్మారకమైంది. అక్కడ నేలమీది రాళ్లలో వలయాలుగా పేర్లు చెక్కి ఉంటాయి.

బతికి బయటపడిన తరానికిప్పుడు వయసు మీదపడింది. చాలామందికి పిల్లల్లేరు, ఈడువాళ్లలో ఎందరో పోయారు. వీరికోసం ఓపెన్‌హౌస్ అనే సంస్థ చొరవతో లగూనా వీధిలో ఇళ్లు కట్టారు. కుర్రాళ్లు వచ్చి పెద్దవాళ్లతో కబుర్లు చెప్పి వెళ్తుంటారు. మన దేశాలవాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే 1986లో ‘త్రికోణ్’ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ పేరు గులాబీ త్రికోణం నుంచి వచ్చిందే.

మన దగ్గర...

2000ల్లో ఎయిడ్స్ బెడద ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడా తోటివారిని పరీక్షలకి, మందులకి వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లలో ఆ సమూహాల మనుషులు ఎందరో ఉన్నారు. 2013లో హైదరాబాద్‌లో స్వాభిమాన యాత్ర జరిగింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదని తేల్చింది. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్లి హక్కు కోసం వేసిన కేసులో మాత్రం 2023 అక్టోబరు 17న నిరాశే ఎదురైంది. 2024లో కేంద్రం కొన్ని సూచనలు చేసింది. జంటగా బ్యాంకు ఖాతా తెరవొచ్చు, రేషన్ కార్డులో ఒకే ఇంటివారిగా ఉండొచ్చు. దగ్గరి బంధువులు లేనప్పుడు తోడుగా బతికిన మనిషి మృతదేహాన్ని తీసుకునే వీలు కల్పించాలి.

బంధువులు ఉండి, అడ్డం తిరిగితే? ఇరవై ఏళ్లు కలిసి బతికిన మనిషి శ్మశానం గేటు బయట నిలబడాల్సిందేనా? దానికి చట్టం ఇంకా జవాబు చెప్పలేదు. మనుషులు మాత్రం చెప్పగలరు. మంచం పక్కన కూర్చున్నది ఎవరో, ఏడాది తిరిగాక దీపం పెట్టేది ఎవరో వాళ్లే అయినవాళ్లని ఒప్పుకోవడానికి పల్నాటి జనం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. కార్తీక అమావాస్య వస్తే వాళ్లు చేసేది అదే.