ఒక వ్యాసం - రెండు ప్రతులు

గండికోటను గురించి తెలుగులోను, ఉర్దూలోను ఒక వ్యాసం సిద్ధపరచాలని మేము సంకల్పించాము. జామా మసీదు, మాధవరాయస్వామి ఆలయం, ధాన్యాగారం చూస్తూ మాలో కొందరు సెల్‌ఫోనులో వ్రాయగా, ప్రొద్దుటూరులో ఉండిపోయిన మిత్రులు అదే వ్యాసాన్ని కంప్యూటరులో దిద్దసాగారు. పెన్నా లోయ అంచున సిగ్నలు అందలేదు. సాయంకాలానికి ఒక వ్యాసం రెండయింది.

యంత్రం మార్పును ఎట్లా పసిగడుతుంది? ఫైలును చివరిసారి మార్చిన వేళను చూడడం ఒక పద్ధతి. కాని ఫోను గడియారం, కంప్యూటరు గడియారం ఒకే మాట చెప్పాలని లేదు. అంతకంటె నమ్మదగినది, ఫైలులోని సమాచారమంతటి నుండి గణించిన ఒక సంఖ్య. ఒక్క కామా మారినా ఆ సంఖ్య మారుతుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించిన ఆర్‌సింక్ అనే సాధనం ఫైలును ముక్కలుగా విభజించి, ఇటువంటి సంఖ్యలను పోల్చి, మారిన భాగాలనే పంపుతుంది. సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే మా పల్లెలకు అదెంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

మన లిపులకు మాత్రం ఒక చిక్కు ఉన్నది. యూనికోడులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా వ్రాయవచ్చు. ఎత్వం ఒకటి, క్రింది భాగం ఒకటిగా రెండు గుర్తులతోను వ్రాయవచ్చు. కంటికి భేదం లేదు. యూటీఎఫ్-8 లెక్కలో మొదటిది 3 బైట్లు, రెండవది 6 బైట్లు. ఉర్దూ మిత్రులదీ ఇదే గోడు: అరబీ ‘యే’, ఉర్దూ ‘యే’ పదం నడుమ ఒకేలా కనిపిస్తాయి, సంకేతాలు వేరు. ముందుగా వీటిని ఏకరూపం చేయకపోతే, ఎవరూ తాకని వాక్యం కూడా మారినట్లే లెక్క.

అసలు గండం ఇది కాదు. ధాన్యాగారం గురించి ఊరి పెద్దాయన ఒకరు చెప్పిన మాటలను ఫోనులో ఒక పేరాకు చేర్చాము. అదే పేరాను ప్రొద్దుటూరు మిత్రుడు పుటకు సరిపడేట్లు కుదించాడు. మేము వాడిన సాధనం చివర వచ్చిన ప్రతిని నిలిపి, మరొకదానిని తుడిచివేసింది. ఇంకొక ఫోను అప్పటికి నెట్‌వర్కుకు అందనందువల్లనే పెద్దాయన మాటలు దక్కాయి!

రెండు ప్రతులను వాటి పూర్వపు ఉమ్మడి ప్రతితో పోల్చితే, ఎవరు ఏది మార్చారో తెలుస్తుంది. వేర్వేరు పేరాలైతే యంత్రమే కలపగలదు. ఒకే వాక్యాన్ని ఇద్దరూ మార్చినచోట నిర్ణయం యంత్రానికి వదలరాదని మా అభిప్రాయం. 1820లలో కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, పాఠభేదాలు పరిశీలింపజేశాడు. ఆయన వేమన పద్యాల సంపుటి 1829లో వెలువడింది. ఆ బంగళా ఉన్నచోటనే నేడు బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది. తాటాకుల కాలంలో పండితులు చేసిన పనినే, మరింత వేగంగా, మన యంత్రాలు చేస్తున్నాయి.

ఆ పేరా రెండు రూపాలూ ఇప్పుడు మా వద్ద భద్రంగా ఉన్నాయి. పెద్దాయనకు రెండూ చదివి వినిపించాకనే ఒకటి అచ్చుకు వెళుతుంది.